కూరగాయలు గడ్డకడుతుంటే గ్యాస్ పోయిందనకండి: ఫ్రిజ్ సెన్సర్ పరీక్ష మీద ప్రసంగం

(కూకట్‌పల్లిలోని ఒక కాలనీ హాల్లో ఆదివారం పొద్దున కాలనీవాసులు, ఐటీఐ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ తమ్ముళ్ళు ముందుకు వచ్చేయండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. బల్ల మీద ఉన్నవి దగ్గర నుంచి చూడాల్సినవి. అంత దూరం నుంచి మీటర్‌లో అంకెలు కనపడవు.

ముందు ఒక ప్రశ్న. మీ ఇంట్లో ఫ్రిజ్ కింది డబ్బాలో కొత్తిమీర గడ్డకట్టింది. బయట పెట్టగానే నల్లబడి నీరు కారుతోంది. దోసకాయ కోస్తే లోపల మంచు పలుకులు. పాల ప్యాకెట్ ఒక పక్కన గట్టిపడింది. ఎవరో వచ్చి చూసి "గ్యాస్ పోయిందమ్మా, నింపాలి" అన్నారు. మీరేమంటారు? చెప్పండి అక్కా. సరే అంటారు, అంతే కదా? ఇంకేమంటారు, మనకు తెలియదు కాబట్టి సరే అంటాం.

కానీ ఒక్క క్షణం ఆలోచించండి. గ్యాస్ పోతే చల్లదనం తగ్గాలి. ముందు పైన ఫ్రీజర్‌లో ఐస్ కట్టడం మానేస్తుంది. ఐస్‌క్రీమ్ మెత్తబడుతుంది. కింద కూరగాయలు గడ్డకట్టేంత చలి పుడుతోందంటే కంప్రెసర్ బాగుంది, గ్యాస్ ఉంది, చల్లబరిచే పని జరుగుతోంది. జరగనిదేమిటి? ఆగడం. ఆగాల్సిన చోట ఆగడం లేదు. ఎందుకు ఆగడం లేదు? ఆగమని చెప్పాల్సింది తప్పు చెబుతోంది. ఈ రోజు నేను మాట్లాడబోయేది దాని గురించే. ఉష్ణోగ్రత సెన్సర్. ఫ్రిజ్‌లో చాలా చౌక వస్తువుల్లో అదొకటి. దాన్ని కొలవకుండా ఫ్రిజ్‌ను నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు మార్చేస్తారు, గ్యాస్ తీసి మళ్ళీ నింపుతారు, చివరికి కొత్త ఫ్రిజ్ కొనమంటారు. కొలిచి చెప్పమని అడగండి, కొలిచి చెప్పండి. ఇంట్లోవాళ్ళకూ, పని నేర్చుకుంటున్న ఈ తమ్ముళ్ళకూ నేను చెప్పేది ఇదొక్కటే.

ఇది కూరగాయల సంగతి మాత్రమే కాదు. ఇక్కడ ఎన్ని ఇళ్ళలో ఇన్సులిన్ వాడుతున్నారు? చేతులు ఎత్తనక్కర్లేదు, మనసులో అనుకోండి చాలు. వాడకముందు ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకట్టిందంటే పారేయాలి. కరిగాక మామూలుగా కనిపించినా వాడకూడదు. సెన్సర్ తప్పు చెబుతున్న ఫ్రిజ్‌లో, వెనక గోడకు ఆనించి పెట్టిన ఇన్సులిన్ పెన్ను ఒక్క రాత్రిలో పాడైపోవచ్చు. ఆ ఇంటి పెద్దాయనకు షుగర్ ఎందుకు పెరుగుతోందో ఎవరికీ అర్థం కాదు. అందుకే ఈ చిన్న వస్తువు గురించి ఇంత పట్టుబట్టి మాట్లాడుతున్నాను.

మీ ఇంట్లో ఉన్నది ఏ ఫ్రిజ్?

అన్ని ఫ్రిజ్‌లలో ఈ సెన్సర్ ఉండదు. ముందు అది తేల్చుకోవాలి. హైదరాబాద్‌లో ఫ్రిజ్ మాట వస్తే ఆల్విన్ పేరు ఎత్తకుండా ఎలా ఉంటాం? 1942లో మొదలైన కంపెనీ. బస్సు బాడీలు చేసింది, వాచీలు చేసింది, ఫ్రిజ్‌లు చేసింది. మన పక్కనే ఆల్విన్ కాలనీ ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది. ఆ కాలం ఫ్రిజ్‌లలో బోర్డు లేదు, థర్మిస్టర్ అనే ఎలక్ట్రానిక్ సెన్సర్ లేదు. తిప్పే నాబ్, దాని వెనక థర్మోస్టాట్, థర్మోస్టాట్ నుంచి వెళ్ళే సన్నని రాగి గొట్టం. గొట్టంలో ఉన్న వాయువు చలికి ముడుచుకుంటే స్విచ్ తెగుతుంది, వేడికి వ్యాకోచిస్తే కలుస్తుంది. ఇప్పటికీ చాలా సింగిల్ డోర్ ఫ్రిజ్‌లలో ఉన్నది అదే. నాబ్ మధ్యలో డీఫ్రాస్ట్ బటన్ ఉంటే మీది ఆ రకం. దానికి ఈ రోజు నేను చూపించే పరీక్ష వర్తించదు.

డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ, ఇన్వర్టర్ కంప్రెసర్, డోర్ మీద అంకెలు చూపించే డిస్‌ప్లే. ఇవి ఉంటే దాదాపుగా లోపల బోర్డు ఉంటుంది, సెన్సర్లు ఉంటాయి. ఒకటి కాదు. ఫ్రీజర్‌లో ఒకటి, కింద ఫ్రిజ్ అరలో ఒకటి, కూలింగ్ కాయిల్ మీద డీఫ్రాస్ట్ కోసం ఒకటి. కొన్ని మోడళ్ళలో బయటి గాలి వేడి చూసేది ఇంకొకటి. హైదరాబాద్ మే నెల ఎండకు గది 40 డిగ్రీలు దాటితే బోర్డుకు ఆ సంగతి చెప్పేది అదే.

ఇదిగో చూడండి, ఇదే సెన్సర్. అర అంగుళం తెల్ల ప్లాస్టిక్ తొడుగు, రెండు సన్నని వైర్లు. లోపల థర్మిస్టర్ ఉంది, ఎన్‌టీసీ రకం. అంటే వేడి పెరిగితే దీని రెసిస్టెన్స్, కరెంటును అడ్డుకునే గుణం, తగ్గుతుంది, చలి పెరిగితే రెసిస్టెన్స్ పెరుగుతుంది. వేడికి రెసిస్టెన్స్ తగ్గే పదార్థాలున్నాయని 1833లోనే శాస్త్రవేత్త ఫారడే వెండి సల్ఫైడ్ మీద గమనించాడు. బోర్డు దీని గుండా కొద్దిపాటి కరెంటు పంపి వోల్టేజీ చూసుకుంటుంది, దాన్ని డిగ్రీలుగా లెక్కేసుకుంటుంది. బోర్డుకు కళ్ళు లేవు, చెయ్యి పెట్టి చూడలేదు. జ్వరం చూసే థర్మామీటర్ తప్పు చూపిస్తే ఎంత మంచి డాక్టరైనా తప్పు మందే రాస్తాడు కదా, బోర్డు పరిస్థితీ అంతే.

సెన్సర్ మూడు రకాలుగా చెడుతుంది. వైరు తెగిపోతే రెసిస్టెన్స్ అనంతం. రెండు వైర్లు కలిసిపోతే సున్నా. ఈ రెండూ మనకు శత్రువులు కావు. ఎందుకంటే బోర్డు వాటిని పట్టుకుంటుంది. అంత చలి, అంత వేడి ఇంట్లో సాధ్యం కాదని దానికి తెలుసు కాబట్టి డిస్‌ప్లే మీద ఎర్రర్ కోడ్ వేస్తుంది, లేదా లైటు మిణుకుమనిపిస్తుంది. కోడ్ ఏమిటో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. చాలా ఫ్రిజ్‌లు అప్పుడు సెన్సర్‌ను పక్కన పెట్టి, కంప్రెసర్‌ను కొంతసేపు నడిపి కొంతసేపు ఆపుతూ నెట్టుకొస్తాయి.

మనల్ని తిప్పలు పెట్టేది మూడోది. సెన్సర్ పనిచేస్తూనే ఉంటుంది, కానీ అబద్ధం చెబుతుంది. 0 ఉన్నచోట 9 అంటుంది. 9 అనేది ఫ్రిజ్‌లో ఉండగలిగే అంకే కాబట్టి బోర్డు నమ్మేస్తుంది. కోడ్ రాదు, లైటు మిణుకుమనదు. కంప్రెసర్ మాత్రం ఆగకుండా నడుస్తుంది. కరెంటు బిల్లు పెరుగుతుంది, కొత్తిమీర గడ్డకడుతుంది.

ఎందుకిలా అవుతుంది? ఎక్కువసార్లు తేమ వల్ల. సెన్సర్ తొడుగులో కంటికి కనపడని పగులు వస్తుంది. రోజూ మంచు కట్టడం, డీఫ్రాస్ట్‌లో కరగడం, మళ్ళీ కట్టడం. ఆ పగులులోంచి నీరు లోపలికి చేరుతుంది. నీటి గుండా కొంత కరెంటు పక్కదారిలో కారిపోతుంది. రెసిస్టెన్స్ ఉండాల్సినదానికన్నా తక్కువ చూపిస్తుంది. తక్కువ రెసిస్టెన్స్ అంటే బోర్డుకు ఏమని అర్థం? చెప్పండి తమ్ముడూ. అవును, వేడి. ఇంకా వేడిగా ఉంది, ఇంకా చల్లబరచాలి. అదే.

మీటర్ తీసేముందు

మీటర్ లేనివాళ్ళు కూడా ఇంట్లో చేయగలిగింది ఒకటుంది. ఒక గ్లాసు నీళ్ళలో మామూలు ఫ్రిజ్ థర్మామీటర్ వేసి మధ్య అరలో పెట్టండి. రాత్రంతా వదిలేయండి. పొద్దున తలుపు తీయగానే చూడండి. గాలిలో వేలాడదీస్తే తలుపు తీసినప్పుడల్లా అంకె మారుతుంది, నీళ్ళయితే నిలకడగా చెబుతాయి. 2 నుంచి 5 మధ్య ఉంటే బాగున్నట్టు. నీళ్ళ మీద మంచు పొర కట్టిందా? ఎక్కువ చలి. 8, 10 చూపిస్తోందా? తక్కువ చలి. థర్మామీటర్ కూడా లేదా? దోసె పిండి చూడండి. మూడో రోజుకే పొంగి మూత తోసేస్తుంటే మీ ఫ్రిజ్ వెచ్చగా ఉంది.

ఇప్పుడు ఈ అంకెను డిస్‌ప్లేతో పోల్చండి. ఇక్కడ చాలామంది పొరబడతారు. చాలా ఫ్రిజ్‌లలో డిస్‌ప్లే మీద కనపడేది మీరు పెట్టిన సెట్టింగ్, లోపల ఉన్న ఉష్ణోగ్రత కాదు. 3 అని వెలుగుతోంది కాబట్టి లోపల 3 ఉందని అనుకోకండి.

ఇంకో మాట. వెచ్చగా ఉన్న ప్రతి ఫ్రిజ్‌లోనూ సెన్సర్‌దే తప్పు అనకండి. తలుపు రబ్బరు వదులైందేమో చూడండి. కాగితం పెట్టి తలుపు వేసి లాగితే సులువుగా వచ్చేస్తోందా? గిన్నెలు గాలి రంధ్రాలకు అడ్డంగా ఉన్నాయా? వెనక గోడకు ఫ్రిజ్ ఆనుకుని ఉందా? తలుపు తెరిచి, తలుపు దగ్గరి స్విచ్ నొక్కి పట్టుకుంటే లోపల ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వస్తోందా? ఇవన్నీ పైసా ఖర్చు లేని పరీక్షలు. ఫ్రీజర్ బాగుండి కింద మాత్రం వెచ్చగా ఉంటే, వెనక కాయిల్ మొత్తం మంచు కప్పేసి గాలి కిందికి రావడం లేదేమో చూడాలి. సామాను తీసేసి, ప్లగ్ పీకి, తలుపులు తెరిచి ఒక రోజు వదిలేయండి. మళ్ళీ పెట్టాక కొన్ని రోజులు బాగా నడిచి తర్వాత అదే తంతు మొదలైతే డీఫ్రాస్ట్‌లో లోపం ఉంది. అక్కడ హీటర్ కావచ్చు, కాయిల్ మీద ఉన్న డీఫ్రాస్ట్ సెన్సర్ కూడా కావచ్చు. ఆ సెన్సర్ కాయిల్ నిజంగా వేడెక్కకముందే వేడెక్కిందని చెబితే బోర్డు హీటర్‌ను తొందరగా ఆపేస్తుంది. సగం మంచు కరగకుండా మిగిలిపోతుంది.

ఇక మీటర్. కోఠి గుజరాతీ గల్లీలో డిజిటల్ మల్టీమీటర్ తక్కువ ధరకే దొరుకుతుంది, ఈ పనికి అది చాలు. ముందు ప్లగ్ పీకేయండి. స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్ పీకాలి. ఇన్వర్టర్ బోర్డు అయితే పీకిన తర్వాత కూడా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజీ కొంతసేపు నిలిచి ఉంటుంది. ఇంట్లోవాళ్ళు బోర్డు మూత తీయకండి, దయచేసి తీయకండి. తమ్ముళ్ళు, మీరు కూడా కాసేపు ఆగి, కొలిచి చూసుకున్నాకే చెయ్యి పెట్టండి. సెన్సర్ మార్చడానికి గ్యాస్ గొట్టాలతో పని లేదు, మంటతో అసలే పని లేదు. ఇప్పుడు చాలా ఫ్రిజ్‌లలో ఉన్నది ఆర్600ఏ, మండే వాయువు. ఎవరైనా సెన్సర్ మార్చడానికని గ్యాస్ టార్చ్ తీస్తే ఆపేయండి.

సెన్సర్ కనెక్టర్‌ను బోర్డు నుంచి ఊడదీసి కొలవాలి. ఊడదీయకుండా కొలిస్తే బోర్డులో ఉన్న రెసిస్టర్లు కూడా లెక్కలోకి వచ్చి రీడింగ్ తప్పు వస్తుంది.

ఇప్పుడు చూడండి. ఇది 25 డిగ్రీల దగ్గర రెసిస్టెన్స్ 10 కిలో ఓమ్‌లు ఉండే రకం, 10కే అంటారు. అన్నీ ఇంతే ఉండవు. 5 ఉన్నవి ఉన్నాయి, ఇంకా తక్కువ ఉన్నవీ ఉన్నాయి. మీ మోడల్ సర్వీస్ పుస్తకంలో ఏ డిగ్రీకి ఎంత రావాలో చెప్పే పట్టిక ఉంటుంది, అదే ప్రమాణం. ఈ హాల్లో ఇప్పుడు 30 డిగ్రీలు ఉంది. మీటర్‌లో ఎంత? 8.3. బాగుంది. వేళ్ళతో పట్టుకుంటున్నాను. 8... 7.6... 7.2. దిగుతోంది చూశారా? నా చేతి వేడికి దిగుతోంది. ఇది బతికే ఉంది.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. బతికి ఉంది కాబట్టి బాగుందంటారు, తప్పు బోర్డు మీద తోసేస్తారు. ఇక్కడ ఆపకూడదు. ఇదిగో రెండో సెన్సర్, ఒక ఫ్రిజ్‌లోంచి తీసింది. హాల్లో ఎంత చూపిస్తోంది? 7.3. మొదటిదానికీ దీనికీ తేడా ఎంత? ఒక్క కిలో ఓమ్. చెయ్యి వేడి తగిలిందేమోలే అనుకుంటాం. పట్టుకుంటే ఇదీ దిగుతోంది. ఇదీ బాగున్నట్టే కనపడుతుంది కదా?

ఇప్పుడు ఐస్ తెండి బాబూ. ముక్కలు చిన్నగా పగలగొట్టాం. గ్లాసు నిండా ఐస్, సందులు నిండేంతవరకే నీళ్ళు. ఐస్ ఎక్కువ, నీళ్ళు తక్కువ. బాగా కలపాలి. ఐస్, నీళ్ళు కలిసి ఉన్నంతసేపు ఇది కచ్చితంగా 0 దగ్గరే ఉంటుంది. అందుకే దీన్ని నమ్మవచ్చు. ఏమంటున్నారమ్మా? ఉప్పు వేస్తే ఇంకా చల్లబడుతుంది కదా అంటున్నారు. చల్లబడుతుంది, నిజమే. అందుకే వేయకూడదు. ఉప్పు వేస్తే 0 కంటే కిందికి ఎంతకు పోయిందో మనకు తెలియదు. మనకు కావాల్సింది చలి కాదు, తెలిసిన చలి.

కనెక్టర్ తడవకుండా రెండు సెన్సర్లనూ పల్చటి కవర్లో పెట్టి లోపలికి దించుతున్నాను. ఐదు నిమిషాలు ఆగాలి. ఈలోగా ఒక జాగ్రత్త చెబుతాను. మీటర్ ఇప్పుడు 20కే, అంటే 20 కిలో ఓమ్‌ల వరకు చూపించే రేంజ్‌లో ఉంది. చూస్తుండండి, కాసేపట్లో ఏమవుతుందో. 14... 17... 19... ఇప్పుడు ఎడమ పక్కన 1 అని మాత్రమే మిగిలింది. తెగిపోయిందా? లేదు. 20 దాటింది, ఆ రేంజ్‌లో ఇక చూపించలేదు, అంతే. 200కే రేంజ్‌కు తిప్పాలి. ఇది తెలియక బాగున్న సెన్సర్‌ను తెగిందని తీసి పారేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. తిప్పాను. ఎంత? 27. మొదటిది 27 దగ్గర నిలబడింది. ఈ రకానికి 0 దగ్గర సుమారు 27 రావాలి. 10కే లోనే ఇంకో రకం ఉంది, దానికి 32, 33 వస్తుంది. పట్టిక చూడకుండా మాట్లాడొద్దని చెప్పింది అందుకే.

రెండోది? చదవండి తమ్ముడూ. 19. అక్కడే ఆగిపోయింది, ఇక ఎక్కడం లేదు. పట్టికలో 19 అంటే ఎంత? 9 డిగ్రీలు. గ్లాసులో ఉన్నది 0. ఇది 9 అంటోంది. హాల్లో కొలిచినప్పుడు తేడా మూడు నాలుగు డిగ్రీలే. ఐస్‌లో పెట్టేసరికి 9 అయింది. ఎందుకు? తేమ దారిలో కారిపోయే కరెంటు కొంచెమే. గది వేడిలో థర్మిస్టర్ గుండానే ఎక్కువ కరెంటు పోతుంది కాబట్టి ఆ కొంచెం కనపడదు. చలి పెరిగేకొద్దీ థర్మిస్టర్ రెసిస్టెన్స్ పెరుగుతుంది, పక్కదారిదే పైచేయి అవుతుంది. ఇదే సెన్సర్‌ను ఫ్రీజర్‌లో మైనస్ 18లో పెడితే మైనస్ 3, మైనస్ 4 అని చెబుతుంది. ఆ ఫ్రిజ్ కంప్రెసర్ ఎప్పుడైనా ఆగుతుందా? జన్మలో ఆగదు. అందుకే సెన్సర్‌ను గది వేడిలో కొలిచి బాగుందని రాసి ఇవ్వకండి. ఏ చలిలో అది పనిచేయాలో ఆ చలిలో కొలవండి.

ఐస్‌లో సరిగ్గా వచ్చి, ఫ్రిజ్‌లో మాత్రం తప్పు వస్తోందనుకోండి. అప్పుడు వైరు చూడాలి. సెన్సర్ దగ్గర ఒకసారి, బోర్డు చివర కనెక్టర్ దగ్గర ఇంకోసారి కొలవండి. రెండు రీడింగులూ ఒకటే ఉండాలి. కనెక్టర్ పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము పట్టిందా? వైరును మెల్లగా కదిలిస్తే అంకె ఎగురుతోందా? గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్ళలో ఫ్రిజ్ వెనక ఎలుకలు వైరు కొరకడం కూడా ఉంది. ఇవన్నీ దాటి, సెన్సర్ బాగుండి, వైరు బాగుండి ఉంటే, అప్పుడు బోర్డును అనుమానించండి. అంతకుముందు కాదు.

కొత్త సెన్సర్ వేసేటప్పుడు అదే విలువది, అదే పట్టికది వేయాలి. 10కే ఉండాల్సిన చోట దొరికింది కదా అని 5కే వేస్తే, 0 ఉన్నప్పుడు బోర్డుకు 16, 17 అనిపిస్తుంది. మళ్ళీ మొదటికే వస్తుంది. తీసినచోటే, అదే క్లిప్పులో పెట్టండి. డీఫ్రాస్ట్‌ది కాయిల్‌కు గట్టిగా ఆనాలి. ఇక జాయింట్. వైర్లు మెలేసి పైన ఇన్సులేషన్ టేపు చుట్టి లోపలికి తోసేస్తారు. ఆ టేపు మంచుకు వదిలేస్తుంది, తేమ దిగుతుంది. అప్పుడు కొత్త సెన్సర్ కూడా ఇందాక మనం చూసిన రెండోదానిలాగే అబద్ధాలు మొదలుపెడుతుంది. జాయింట్‌ను టంకం వేసి, లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ గొట్టం తొడగండి. టంకం పని ఫ్రిజ్ బయటే కానిచ్చుకోండి, గది కిటికీ తెరిచి.

మార్చాక వెంటనే డబ్బు తీసుకుని వెళ్ళిపోకండి తమ్ముళ్ళూ. గ్లాసు నీళ్ళలో థర్మామీటర్ వేయించండి, మర్నాడు ఫోన్ చేసి అంకె అడగండి. ఇంట్లోవాళ్ళు కూడా, తీసేసిన పాత సెన్సర్ మీకు ఇవ్వమని అడగండి, ఐస్‌లో ఎంత చూపించిందో కాగితం మీద రాసివ్వమనండి. బోర్డు మార్చాలి, గ్యాస్ నింపాలి అని ఎవరైనా అంటే, సెన్సర్ ఐస్‌లో ఎంత చూపించిందండీ అని ఒక్క మాట అడగండి. పని తెలిసినవాళ్ళు ఆ ప్రశ్నకు సంతోషిస్తారు.

గ్లాసులో ఐస్ ఇంకా ఉంది. ఈ డబ్బాలో ఇంకో మూడు సెన్సర్లు ఉన్నాయి, ఏది చెడిందో నేను చెప్పను. మీటర్లు రెండు ఉన్నాయి. ఇద్దరిద్దరుగా వచ్చి కొలిచి, ఏది ఎన్ని డిగ్రీలు తప్పు చెబుతోందో మీరే తేల్చండి.